రంగసామి చెయ్యి, గోపాలు కుసుంబు

అరవై ఎనిమిదో, అరవై తొమ్మిదో అయ్యుండాలి. కోయంబత్తూరులో ఒక నూలు మిల్లు డిస్పెన్సరీలో నేను నర్సును. డిస్పెన్సరీ అంటే ఏదో ఆస్పత్రి అనుకునేరు. గేటు దాటగానే సైకిళ్ళ స్టాండు పక్కన రెండు గదుల పెంకుటిల్లు. ఒక మంచం, ఒక బల్ల, గాజు బీరువాలో టింక్చరు సీసాలూ కట్టుగుడ్డలూ. డాక్టరుగారు సాయంత్రం పూట వచ్చి ఓ గంట కూర్చుని పోయేవారు. మిగతా పొద్దంతా, మందు కలిపే కాంపౌండరు ఒకడున్నా, రాజ్యం నాదే.

మాది మధుర. ముత్తాతల నాటి నుంచీ అక్కడే ఉన్న తెలుగు కిరస్తానీ కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, నర్సింగు బళ్ళో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక మా అత్తగారి దగ్గర పట్టుబట్టి నేర్చుకున్నాను. అందుకని నా రాతలో తమిళం వాసన తగిలితే సర్దుకోండి.

నా గుణం కూడా ముందే చెప్పేస్తాను. నాకు అనుమానం ఎక్కువ. మిల్లు డిస్పెన్సరీలో కూర్చుంటే మీకూ వస్తుంది. కడుపునొప్పి అని సెలవు చీటీకి వచ్చినవాడి నోట్లో పకోడీ వాసన వేస్తుంది. జ్వరమని మూలుగుతూ వచ్చినవాడి చంకలో థర్మామీటరు పెడితే అది చల్లగా నవ్వుతుంది. అందుకని ఎవరు వచ్చి ఏం చెప్పినా, ముందు వాళ్ళ మాట వినేదాన్ని కాదు, వాళ్ళ మొహం చూసేదాన్ని. మా ఆయన నన్ను "పోలీసమ్మా" అని పిలిచేవాడు. పిలవనీ, నాకేం నష్టం!

ఇంతకీ నేను చెప్పబోయేది కుసుంబు గురించి. ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాలకు ఈ మాట తెలియదు. కోయంబత్తూరు వాళ్ళకు ఈ మాట లేకపోతే పొద్దు పోదు. కొంటెతనం అనుకోండి, ఎకసెక్కం అనుకోండి, వేళాకోళం అనుకోండి, అన్నీ కొంచెం కొంచెం కలుస్తాయి గానీ పూర్తిగా ఏదీ కాదు. కుసుంబుకు మొదటి గుర్తు, చేసేవాడు నవ్వకూడదు. రెండోది, మర్యాద తప్పకూడదు, మాట చివర కోయంబత్తూరు మర్యాద 'ంగ' తగిలించాలి. పెద్ద మూటతో బస్సెక్కిన ముసలమ్మను కండక్టరు చేతులు కట్టుకుని, "అమ్మా, మూటకు సీటు దొరికింది, మీరు నిలబడతారాంగ?" అని అడుగుతాడు. ఆమె కూడా నవ్వదు. "నువ్వు దిగిపోతే నాకూ దొరుకుతుంది నాయనా" అంటుంది. బస్సంతా నవ్వుతుంది. అది కుసుంబు. మా మధుర తెలుగు ఇళ్ళల్లో దీనికి దగ్గరి మాట మేలమాడటం.

మిల్లులో ఈ మాట మరీ ఎక్కువగా వినబడేది. ఒకడి చెప్పులు ఇంకొకడు దాచేవాడు, కుసుంబు. డబ్బాలో మజ్జిగ తాగేసి సున్నపు నీళ్ళు పోసేవాడు, కుసుంబు. దెబ్బ తగిలి నా దగ్గరికి వచ్చిన వాళ్ళలో ఎంతోమంది "ఏం లేదు సిస్టరమ్మా, కుసుంబు" అని చేతులు దులుపుకునేవాళ్ళు. ఆ మాట అంటే చాలు, ఎవరికీ కోపం రాకూడదు, ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యకూడదు. అదే నాకు మొదటి నుంచీ నచ్చేది కాదు. ఏ మాట చెబితే ప్రశ్నలు ఆగిపోతాయో ఆ మాట వెనకాలే ఏదో దాక్కుని ఉంటుందని నా నమ్మకం.

ఒక మధ్యాహ్నం, భోజనాల గంట అయిపోయి మిషన్లు మళ్ళీ మొదలైన కాసేపటికి, రంగసామిని నలుగురు మోసుకొచ్చారు. అతను రింగ్ ఫ్రేమ్ సైడరు. రింగ్ ఫ్రేమ్ అంటే నూలు వడికే పొడుగాటి మిషను. దాని పక్కన నడుస్తూ తెగిన పోగులను అతుకుతూ ఉండేవాడు సైడరు. ముప్పై అయిదేళ్ళ మనిషి, నెమ్మదస్తుడు, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు. మిల్లు లైన్లలో, అంటే మిల్లువాళ్ళు కట్టించిన ఇళ్ళ వరసలో, కాపురం. అతని చొక్కా ఎడమ చెయ్యి పళ్ళచక్రాల్లో చిక్కి చిరిగి, నెత్తురుతో తడిసి, వేళ్ళ చుట్టూ పేనుకుపోయి ఉంది. నేను కత్తెర తీసుకుని చొక్కాను మెడ దగ్గర నుంచి కిందిదాకా కోసేశాను. బనియను కూడా కోశాను. మనిషికి చెమటలు పోసి స్పృహ తప్పుతోంది. తడిగుడ్డతో మెడా వీపూ తుడిచి పడుకోబెట్టి అప్పుడు చెయ్యి చూశాను. నడిమి వేలూ ఉంగరం వేలూ లేవు.

రింగ్ ఫ్రేమ్ షెడ్డు మేస్త్రీ పొన్నుసామి గుమ్మంలోనే నిలబడ్డాడు. మేస్త్రీ అంటే ఆ షెడ్డుకు చిన్న దేవుడు. ఎవరికి ఏ మిషను, ఎవరికి సెలవు, ఎవరు పర్మనెంటు, అంతా అతని నాలిక మీదే. తమిళుడు, మాటకారి. నేనింకా ఏమీ అడగనే లేదు.

"కుసుంబు సిస్టరమ్మా! గోపాలు లేడూ, బదిలీ మనిషి? వాడు పూనెకాలి పొడి తెచ్చి వీడి మెడలో పోశాడు. వీడు గోక్కుంటూ ఎగిరాడు, జారి గేరు మూత మీద పడ్డాడు, మూత ఊడి చెయ్యి లోపలికి పోయింది. మచ్చాన్లు ఇద్దరూ, ఎప్పుడూ ఇదే ఆట!"

మచ్చాన్ అంటే తమిళంలో బావ, బావమరిది. బదిలీ మనిషి అంటే ఎవరైనా రాని రోజున వాళ్ళ చోట పనిచేసేవాడు, రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడి పిలుపు కోసం చూసేవాడు. పూనెకాలి అంటే మన దూలగొండి. ఆ కాయ మీది నూగు ఒంటికి తగిలితే చర్మం దద్దురులెక్కి మనిషి గంతులేస్తాడు.

 కట్టు కట్టి, సూది వేసి, మిల్లు వ్యానులో పెద్దాస్పత్రికి పంపించాను. తర్వాత కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే తట్టింది. నా చేతులు దురద పెట్టడం లేదు! చిన్నప్పుడు మధురలో మా బళ్ళో ఒకత్తె టీచరు కుర్చీ మీద దూలగొండి చల్లింది. టీచరు గోక్కుంది, కుర్చీ తుడిచిన ఆయమ్మ గోక్కుంది, తుడిచిన గుడ్డ ఉతికినామె కూడా గోక్కుంది. ఇక్కడ ఆ చొక్కా కోసింది నేను. ఆ మెడ తుడిచింది నేను. ఆ మెడ మీద ఒక్క దద్దురు లేదు. కోసి పారేసిన చొక్కాను బకెట్లోంచి తీసి, కాలరును నా మోచేతికి రుద్దుకుని చూసుకున్నాను. ఏమీ లేదు. చెమట, నెత్తురు, పంజు, అంతే. పంజు అంటే ఇక్కడ దూది. మిల్లులో ప్రతి మనిషి మీదా పట్టి ఉండేది అదే.

మరునాడు షెడ్డుకు వెళ్ళాను. అక్కడ ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉంటుంది, దాన్ని చూసి సరిచేయడం నా పని. ఎవరూ కాదనలేరు. పెట్టె చూసినట్టే చూసి, రంగసామి ఫ్రేము దాకా నడిచాను. రింగ్ ఫ్రేముకు ఒక కొసన పళ్ళచక్రాలు ఉంటాయి, దాన్ని గేర్ ఎండ్ అంటారు. దానికి ఇనుప మూత ఉండాలి. రంగసామి ఫ్రేముకు మూత ఉంది. ఆకుపచ్చ రంగు, తళతళా మెరుస్తోంది. ముట్టుకుంటే వేలికి అంటుకుంది. పక్క ఫ్రేముకు మూత లేదు. దాని పక్కదానికీ లేదు. చక్రాలు బట్టబయలుగా పళ్ళు కొరుకుతూ తిరుగుతున్నాయి, వాటి సందుల్లో పంజు ఉండలు ఉండలుగా పేరుకుంటోంది.

ఆ పక్క ఫ్రేము మీద గోపాలు పనిచేస్తున్నాడు. ఇరవై రెండు ఇరవై మూడు ఉంటాయేమో, సన్నగా, మీసం కూడా పూర్తిగా రాలేదు. వాడు ఒక కర్రపుల్లతో గేరు దగ్గర పంజు తీస్తున్నాడు. మిషను ఆపలేదు.

"ఎందుకు చేశావయ్యా అట్లా?" అన్నాను తెలుగులో.

"కుసుంబుకు, సిస్టరమ్మా" అన్నాడు. పాఠం అప్పజెప్పినట్టుంది. నా మొహం చూడలేదు.

"ఎక్కడ దొరికింది పూనెకాలి?"

వాడు మళ్ళీ పుల్లతో పంజు తీయసాగాడు. ఈలోగా మేస్త్రీ అటు వచ్చాడు. "పెట్టె ఆ మూలన ఉందమ్మా" అని దారి చూపించాడు. నవ్వుతూనే చూపించాడు. 

ఆ సాయంత్రం పెద్దాస్పత్రికి పోయాను. రంగసామి భార్య నాగమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. మేమూ తెలుగువాళ్ళమే అని తెలిసేసరికి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

"అక్కా, ఆఫీసు మనిషి వచ్చి పోయినాడు. మిషను కాడ ఆడుకుంటా వేళ్ళు పోగొట్టుకున్నోడికి మళ్ళా వేల లేదంట, మిల్లులో పనే లేదంట. ఎంక్వయిరీ అయినంక లైను ఇల్లు ఖాళీ చెయ్యాలంట. ఈయనకు ఇంకా చెప్పలే నేను. బిడ్డలను తీసుకుని యాడికి పోయేది?"

"ఏడవకు. గోపాలు ఇట్లా ఎప్పుడూ కుసుంబు చేస్తాడా ఈయనతో?"

నాగమ్మ కన్నీళ్ళు టక్కున ఆగిపోయాయి. "ఎవురు? గోపాలా? ఎవురక్కా చెప్పినారు?"

"అందరూ అదే చెబుతున్నారు. మచ్చాన్లట గదా ఇద్దరూ."

"అయ్యయ్యో, ఏం మాటక్కా అది! వాడు ఈయన చిన్నాయన కొడుకు. సొంత తమ్ముడు మాదిరి. మా పెండ్లిలో తోడిపెండ్లికొడుకుగా ఈయన పక్కన కూసున్నది వాడే. నాతో అంటే ఆడతాడు, వదినను గదా, వాడి నోటికి హద్దు లే. ఈయన ముందర బీడీ కూడా ముట్టించడు. ఈయన వస్తా ఉంటే వీధి మారతాడు. వాడు ఈయన మెడలో పూనెకాలి పోసినాడంటే సూర్యుడు పడమట పుట్టినట్టే!"

ఇక్కడ కొంచెం ఆగి, ఈ వరసల సంగతి తెలియని వాళ్ళకు చెప్పాలి. మా తెలుగు ఇళ్ళల్లో, హిందువులైనా కిరస్తానీలైనా, మేలమాడటానికి ఒక దారి ఉంది. బావతో బావమరిది ఆడొచ్చు. వదినతో మరిది ఆడొచ్చు. ఎంత మోటుగా ఆడినా తప్పు లేదు, ఆడకపోతేనే "ఏమిటి, కోపమా?" అని అడుగుతారు. అన్నతో తమ్ముడు మాత్రం ఆడడు. ఎంత పెద్ద కుసుంబు పట్టినవాడైనా అన్న దగ్గర బుద్ధిమంతుడే. ఆంధ్రా విడిచి ఎన్ని వందల ఏళ్ళయిందో మాకే తెలియదు, మాటల్లో సగం తమిళమైపోయింది, ఈ ఒక్కటి మాత్రం ఎవరూ వదల్లేదు. తమిళ మేస్త్రీకి ఆ సంగతి ఏం తెలుస్తుంది? షెడ్డులో ఎవరు ఎవరినైనా మచ్చాన్ అంటారు. పైగా వీళ్ళిద్దరూ ఒకే వీధి, ఒకే మాట, ఒకే సైకిలు మీద వచ్చేవాళ్ళు. మచ్చాన్లే అనుకుని ఉంటాడు.

నా అనుమానం అక్కడితో చల్లారలేదు. ఇంకో వైపు తిరిగింది. అన్నతో ఆట ఆడని తమ్ముడు "ఆటకు చేశాను" అంటున్నాడంటే, అది ఆట కాకపోతే పగేమో! అన్న పోతే పర్మనెంటు చోటు ఖాళీ అవుతుంది. బదిలీ మనిషి అందులో కూర్చుంటాడు. మరునాడే ఆ పక్క ఫ్రేము వాడికి ఇచ్చారు కూడా. నిజం చెప్పొద్దూ, నాకు వాడి మీద ఒళ్ళు మండిపోయింది. మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్న రంగసామిని అడిగాను.

"ఏమయ్యా, వాడికీ నీకూ ఏమన్నా గొడవలున్నాయా?"

అతను కళ్ళు తెరవలేదు. "ల్యా, సిస్టరమ్మా."

"మరి వాడు చేశాడా, చెయ్యలేదా?"

"చేసినాడనే ఉండనీండి. కుసుంబే గదా. ఏం పోయింది." అంతే, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

రెండు వేళ్ళు పోయిన మనిషి ఏం పోయింది అంటున్నాడు! అన్నదమ్ములిద్దరూ ఒకే అబద్ధం చెబుతున్నారు. పగ ఉన్నవాళ్ళు ఒకే అబద్ధం చెప్పరు. గోపాలు మీద వచ్చిన కోపం సగం దిగింది, కంగారు మాత్రం రెండింతలైంది. ఎందుకంటే ఈ అబద్ధం నిలబడితే వీధిన పడేది రంగసామీ, నాగమ్మా, పిల్లలూ. మూత లేని ఆ చక్రాల పక్కన నిలబడి ఉన్నదేమో గోపాలు.

తరువాతి వారం డొమెస్టిక్ ఎంక్వయిరీ పెట్టారు. అది కోర్టు కాదు, మిల్లువాళ్ళు మిల్లులోనే జరిపే విచారణ. గానీ ఉద్యోగాలు ఊడేది అక్కడే. లేబర్ ఆఫీసరు తంజావూరు వైపు కుర్రాడు, కొత్తగా వచ్చాడు, మర్యాదస్తుడు. బల్లకు ఇటు మేస్త్రీ, అటు గోపాలు. రంగసామిని ఆస్పత్రి నుంచి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు, చెయ్యి మెడకు వేలాడదీసిన కట్టులో ఉంది. దెబ్బ ఎట్లాంటిదో చెప్పడానికి నన్ను పిలిచారు.

షెడ్డులో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కుసుంబు, కుసుంబు, కుసుంబు అని చెప్పిపోయారు. ఒక్కరూ మేస్త్రీ మొహం చూడకుండా చెప్పలేదు. నా వంతు వచ్చాక, చొక్కా కోసింది నేనేననీ, నా చేతులకు దురద లేదనీ, అతని మెడ మీద దద్దురు లేదనీ చెప్పాను. దెబ్బ తగిలిన మరునాడు చూస్తే మూతకు కొట్టిన రంగు ఇంకా ఆరలేదని కూడా చెప్పాను.

మేస్త్రీ నవ్వాడు. "సార్, సిస్టరమ్మకు కుసుంబు కూడా జబ్బే. పొడి కొంచెమే పోశాడు, చెమటకు కొట్టుకుపోయి ఉంటుంది. మూతకు రంగు ఏడాదికోసారి వేస్తాం. మచ్చానూ మచ్చానూ ఆడుకుంటే ఊళ్ళో ఎవరైనా సాక్ష్యం అడుగుతారా సార్?"

ఆఫీసరుకు కూడా నవ్వొచ్చింది. "ఈ ఊరి కుసుంబు గురించి మా వైపు కూడా చెప్పుకుంటారు సిస్టర్" అన్నాడు. కలం తీశాడు. ఇక రాసేస్తే అయిపోయినట్టే.

"సార్, గోపాలును ఒక్క మాట అడగనివ్వండి" అన్నాను.

"అడుగుంగ సిస్టర్."

నేను గోపాలు వైపు తిరిగి తెలుగులోనే అన్నాను. "గోపాలూ, ఈయన నీకు మచ్చాన్ అని మేస్త్రీ అంటున్నాడు. మచ్చాన్ అంటే మనింట్లో బావ. ఏదీ, ఈయన మొహం చూసి బావా అని ఒక్కసారి పిలువు. ఇంకేమీ అడగను." అడిగినదాన్ని ఆఫీసరుకు తమిళంలో చెప్పాను.

ఇందులో ఏముందీ, ఒక్క మాటే గదా అనిపిస్తుంది. మా ఇళ్ళల్లో పుట్టినవాళ్ళను అడగండి. అన్నను పట్టుకుని బావా అనడమంటే, ఇంటి ఆడపిల్లను ఆ అన్నకే కట్టబెట్టినట్టు. ఎంత తాగినవాడైనా ఆ మాట అనడు.

గోపాలు రంగసామి వైపు చూశాడు.  పెదవులు "బా" దాకా వచ్చి ఆగిపోయాయి.  మేస్త్రీ తమిళంలో కసిరాడు, "సొల్లుడా, చెప్పు!"

అప్పుడు రంగసామి, అంతసేపూ మాట్లాడని మనిషి, మెల్లగా అన్నాడు. "అనెయ్‌రా. పరవాల్లే. నేనేం అనుకోనులే. అనెయ్‌రా తమ్ముడూ."

గోపాలు కుప్పకూలిపోయాడు. నేల మీద కూర్చుని, అతని కాళ్ళు రెండూ పట్టుకుని, "అన్నా! నా వల్ల కాదన్నా! అన్నా!" అని బావురుమన్నాడు.

అన్న అనే మాట తమిళంలోనైనా తెలుగులోనైనా ఒకటే. ఆఫీసరు కలం కింద పెట్టేశాడు.

ఆ తర్వాత వాడు ఏడుస్తూనే అంతా చెప్పాడు. గేర్లకు మూతలు ఎప్పటినుంచో లేవు. పంజు పేరుకుంటే మిషను ఆపి తీయాలి, ఆపితే ప్రొడక్షను పడిపోతుందని మేస్త్రీ ఆపనివ్వడు. మూత ఉంటే నడుస్తున్న మిషనులో పంజు తీయడం కుదరదు గనక మూతలే తీయించేశాడు. "అన్న చెయ్యి పోయినప్పుడు నేను ఆ కొసన ఉండాను సార్. కేక ఇని పరుగెత్తినా. మేస్త్రీ నన్ను పక్కకు పిలిచి, నువ్వు చేసినట్టు ఒప్పుకో, కుసుంబంటే ఎవురూ పెద్ద చెయ్యరు, రెండు దినాలు సస్పెండు అంతే, వచ్చే నెల నిన్ను పర్మనెంటు చేస్తా అన్నాడు. అన్నకు కూడా అదే చెప్పినాడు. అన్న నా కోసం నోరు మూసుకున్నాడు సార్."

"నీ అన్న వేల పోతుందని చెప్పాడా నీకు? ఇల్లు ఖాళీ చెయ్యాలని?" అని అడిగాను.

వాడు తలెత్తి నన్ను చూశాడు. రంగసామీ చూశాడు. ఇద్దరికీ తెలియదు. నాగమ్మ ఒక్కతే ఆ మాటను గుండెల్లో పెట్టుకుని తిరుగుతోంది. నాకు ఆ క్షణంలో మేస్త్రీ మీద వచ్చిన కోపం చెప్పలేను. చేతిలో ఏదన్నా ఉంటే విసిరేసేదాన్ని.

మిల్లువాళ్ళు ధర్మాత్ములై న్యాయం చేశారని నేను అనను. ఈ సంగతి బయటికి పొక్కితే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చుంటాడని భయపడ్డారు, అంతే. ఏదైతేనేం, అన్ని ఫ్రేములకూ మూతలొచ్చాయి, బోల్టులు వేసి బిగించారు. మేస్త్రీని గోడౌనుకు మార్చారు. రంగసామికి ఇల్లూ నిలిచింది, పనీ నిలిచింది, నూలు ప్యాకింగులో వేశారు. గోపాలు పేరు మాత్రం బదిలీల్లోంచి కొట్టేశారు. ఎంక్వయిరీకి ముందు అబద్ధం రాసి సంతకం పెట్టాడట. పెట్టించినవాడికేమో గోడౌను, పెట్టినవాడికి గేటు! నేను ఆఫీసరుతో వాదించాను. ఆయన చేతులెత్తేశాడు, రూలు అన్నాడు.

రంగసామి కట్టు మార్పించుకోవడానికి నా దగ్గరికే వచ్చేవాడు. ఎంక్వయిరీలో గానీ ఆస్పత్రిలో గానీ అతను ఒక్క చుక్క కన్నీరు పెట్టడం నేను చూడలేదు. కట్టు విప్పేటప్పుడు మాత్రం చెయ్యి చూసుకోకుండా మొహం కిటికీ వైపు తిప్పుకునేవాడు. గాయం మానుతోంది, మనిషి మానడం లేదు. ఎన్ని చెప్పినా చూడడు.

ఒక రోజు అతనితో నాగమ్మ వచ్చింది. పొల్లాచ్చి నుంచి ఆమె తమ్ముడు సుబ్బరాయలు కూడా వచ్చాడు. కొబ్బరి ఎండబెట్టే కళ్ళంలో పని అతనిది, నల్లగా, దిట్టంగా ఉన్నాడు. గోపాలును తనతో అక్కడికి పనికి తీసుకుపోవడానికి వచ్చాడట. గోపాలు సంచి చంకలో పెట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

నేను కట్టు విప్పాను. రంగసామి ఎప్పటిలాగే కిటికీ వైపు తిరిగాడు. సుబ్బరాయలు ముందుకు వంగి ఆ చేతిని అటూ ఇటూ చాలాసేపు చూశాడు. చూసి, ముఖం చాలా గంభీరంగా పెట్టి అన్నాడు.

"బావా, ఇంక మీతో చీట్లాట ఆడితే గెలుపు మాదేనాంగ. మీ చేతిలో ఏ ముక్క ఉండాదో ఈ సందులోంచి అంతా కనపడతాది."

 ఎవరైనా అట్లాంటి మాట అంటారా! నోరు చేసుకుందామని తలెత్తేలోపు రంగసామి తిరిగి తన చెయ్యి చూసుకున్నాడు. చూసుకుని, మొదట ఏదో పొలమారినట్టు దగ్గాడు. తర్వాత నవ్వాడు. భుజాలు ఎగిరిపడేలా, కళ్ళ వెంబడి నీళ్ళు కారేలా నవ్వాడు, ఆ నవ్వులోనే వెక్కి వెక్కి ఏడ్చాడు. నాగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, తమ్ముడి వీపు మీద ఒకటి చరిచింది. మందు కలుపుతున్న కాంపౌండరు నవ్వాడు. నేనూ నవ్వాను, సిగ్గు లేకుండా.

గోపాలు నవ్వలేదు. నవ్వు వచ్చింది, నేను చూశాను, మొహమంతా వచ్చింది. వాడు భుజం మీది తువ్వాలు తీసి గబగబా నోటికి అడ్డం పెట్టుకుని, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అన్న చేతిని చూసి తమ్ముడు నవ్వకూడదు.

ఆ తర్వాత ఆ మిల్లులో నేను చాలా ఏళ్ళు పనిచేశాను. దెబ్బ తగిలి వచ్చినవాడు "కుసుంబు సిస్టరమ్మా" అంటే, ఎక్కడ నొప్పి అని తర్వాత అడిగేదాన్ని. "చేసిందెవరు, నీకేం వరస?" అని ముందు అడిగేదాన్ని.